'అవుట్‌ల్యాండర్': నవల చదివినవాళ్లకి ఒకలా, చదవనివాళ్లకి ఇంకోలా ఎందుకుంది?

మీరు ఒక్క ప్రశ్నలో మూడు అడిగారు. 'అవుట్‌ల్యాండర్' సీరియల్ మీకు బాగా నచ్చింది. నవలలన్నీ చదివిన మీ అక్క మాత్రం ప్రతి సీజన్‌కీ ఏదో ఒకటి అంటూనే ఉంది. నెట్‌లో చూస్తే ఒకే ఎపిసోడ్‌కి కొందరు పదికి పది, కొందరు ఒకటి ఇచ్చారు. ఎవరి మాట పట్టుకోవాలి, పుస్తకం చదవాలా, అమ్మతో కలిసి మళ్లీ మొదటి నుంచి చూడొచ్చా అన్నారు. టీవీకి స్క్రీన్‌ప్లేలు రాయడం నా వృత్తి. నవలని ఎపిసోడ్లుగా విడగొట్టే పని చాలాసార్లు చేశాను. ఈ నవలలు సీరియల్ రాకముందు నుంచే చదువుతున్నాను. అందుకే కాస్త పొడుగ్గా చెప్తాను. ఏడో సీజన్ చివరిదాకా చూశానన్నారు కాబట్టి మలుపులు దాచడం లేదు. చూడనివాళ్లు ఇక్కడితో ఆగిపోవడం మంచిది.

ఇలాంటి గొడవకి అందరూ చెప్పే కారణం ఒకటే: 'పుస్తకంలో ఉన్నది మార్చేశారు, అందుకే చదివినవాళ్లకి కోపం.' ఇది సగమే నిజం. ఈ సీరియల్ చరిత్రలో అందరికంటే ఎక్కువ మంది గోల పెట్టింది మార్చిన చోట్ల కాదు, ఉన్నదున్నట్టు తీసిన చోట్ల. నవల ఒకరి కళ్లతో చూస్తే, కెమెరా ఇంకొకరి కళ్లతో చూసింది. తిట్లకీ మెచ్చుకోళ్లకీ నాకు కనిపించే మూలం అదే.

కథ మీకు తెలుసు కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను. రెండో ప్రపంచ యుద్ధంలో నర్సుగా పనిచేసిన క్లెయిర్, 1945లో భర్త ఫ్రాంక్‌తో స్కాట్లండ్‌లోని ఇన్వర్నెస్ వస్తుంది. నిలువురాళ్ల మధ్య నుంచి 1743కి వెళ్లిపడుతుంది. అక్కడ ఆమె పెళ్లాడే స్కాట్లండ్ యువకుడు జేమీ ఫ్రేజర్. డయానా గబాల్డన్ 1991లో రాసిన మొదటి నవల మొత్తం క్లెయిర్ 'నేను' అంటూ చెప్పే కథ. ఆమె లేని చోట ఏం జరిగినా మనకి కనిపించదు, ఎవరైనా తర్వాత వచ్చి చెప్పాలి. ఆమెకి నవ్వొస్తే మనకీ నవ్వొస్తుంది, ఆమె క్షమిస్తే మనమూ క్షమిస్తాం. ఆరొందల పేజీలు ఒక మనిషి బుర్రలో కూర్చుంటే అంతే మరి. రోనాల్డ్ డి. మూర్ దీన్ని స్టార్జ్ చానల్ కోసం తీసినప్పుడు (మొదటి ఎపిసోడ్ 2014 ఆగస్టు 9న వచ్చింది) క్లెయిర్ గొంతుని వాయిస్ ఓవర్‌గా ఉంచాడు. కానీ వాయిస్ ఓవర్ ఎంత పెట్టినా కెమెరా బయటే నిలబడి చూస్తుంది. ఆ ఇబ్బంది మా పనిలో రోజూ ఉండేదే.

ముందు ఫ్రాంక్‌ సంగతి చూద్దాం, గొడవలన్నిట్లోకీ ఇది సాఫీ అయినది. నవలలో ఫ్రాంక్ మొదట్లో కొంతసేపు కనిపించి మాయమవుతాడు. తర్వాత క్లెయిర్ జ్ఞాపకాల్లో, అనుమానాల్లో తప్ప దొరకడు. చదివినవాళ్లలో చాలామందికి అతను జేమీ దారికి అడ్డు, అంతే. సీరియల్‌లో మొదటి సీజన్ ఎనిమిదో ఎపిసోడ్‌కి వచ్చేసరికి ఫ్రాంక్ ఒక్కడే ఇన్వర్నెస్‌లో భార్య కోసం వెతుకుతూ, పోలీసుల చుట్టూ తిరుగుతూ ఉంటాడు. క్లెయిర్ ఇవేవీ చూసే వీలు లేదు, కాబట్టి పుస్తకంలో ఈ సన్నివేశాలు లేవు. పైగా ఫ్రాంక్‌నీ, అతని పూర్వీకుడైన క్రూరుడు బ్లాక్ జాక్ ర్యాండల్‌నీ ఒకే నటుడు టొబయాస్ మెంజీస్ చేశాడు. ఒకే ముఖంలో అయ్యోపాపం అనిపించేవాడూ, చూస్తే వణుకు పుట్టించేవాడూ. కొత్త ప్రేక్షకులు 'పాపం ఫ్రాంక్' అన్నారు. పాత పాఠకులు 'అతని మీద జాలేంటి మీకు' అని విసుక్కున్నారు. మూడో సీజన్‌లో, తిరిగొచ్చిన క్లెయిర్‌తో ఫ్రాంక్ బోస్టన్ కాపురం చూపించినప్పుడు ఇదే వాదన ఇంకోసారి నడిచింది. నా మటుకు మెంజీస్ వల్ల నవలకంటే సీరియల్ మెరుగైన చోటు ఇదే. క్లెయిర్ దేన్ని వదులుకుందో కళ్లకి కనబడితేనే ఆమె ఎంపికకి బరువుంటుంది.

ఇక అసలు గొడవకి వద్దాం. మొదటి సీజన్ తొమ్మిదో ఎపిసోడ్, 2015 ఏప్రిల్‌లో వచ్చింది. చెప్పిన మాట వినకుండా వెళ్లి అందరి ప్రాణాల మీదకి తెచ్చిందని జేమీ క్లెయిర్‌ని బెల్టుతో కొడతాడు. నవలలో ఈ సన్నివేశం ఉంది, ఇంచుమించు ఇలాగే ఉంది. అక్కడ కోపం, అవమానం, ఆ తర్వాత మెల్లగా కుదిరిన రాజీ అన్నీ క్లెయిర్ మాటల్లో వింటాం. ఇరవయ్యో శతాబ్దపు ఆడమనిషి పద్దెనిమిదో శతాబ్దపు మగవాడిని ఎలా సహించిందో, ఎక్కడ సహించలేదో ఆమే చెప్తుంది. సీరియల్ సరిగ్గా ఈ ఎపిసోడ్‌కే మొదటిసారి వాయిస్ ఓవర్‌ని జేమీకి ఇచ్చింది! దెబ్బలు తింటున్న మనిషి గొంతు తీసేసి, కొడుతున్నవాడి గొంతు పెట్టారు. దానికి తోడు వెనక హుషారుగా సాగే సంగీతం. 'ఇది కామెడీనా?' అని చాలామంది మండిపడ్డారు. పుస్తకం చదివినవాళ్లలో ఎక్కువమంది 'ఆ కాలం అంతే, పైగా తర్వాత మళ్లీ చెయ్యెత్తనని ఒట్టేస్తాడు కదా' అని సర్దిచెప్పారు. నవలకి అన్యాయం చేశారన్న మాట ఇక్కడ ఎవరూ అనలేరు, సంఘటన అదే. మారింది చెప్పే మనిషి. రచయితల గదిలో నేనుంటే ఆ ఒక్క ఎపిసోడ్‌కి మాత్రం గొంతు మార్చొద్దని పోరాడేదాన్ని.

అదే సీజన్ చివరి రెండు ఎపిసోడ్లు ఇంకా తీవ్రమైనవి. వెంట్‌వర్త్ జైలులో బ్లాక్ జాక్ జేమీని చిత్రహింసలు పెట్టి అత్యాచారం చేస్తాడు. నవలలో ఆ రాత్రి గోడ అవతల జరుగుతుంది. క్లెయిర్‌తో పాటు మనమూ బయటే ఉంటాం. ఏం జరిగిందో తర్వాత జేమీ ముక్కలుముక్కలుగా చెప్తాడు. చెప్పలేక ఆగిపోతాడు కూడా. సీరియల్ మనల్ని ఆ గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. నవలలో అతను కోలుకోవడం ఫ్రాన్స్‌లోని ఒక మఠంలో, చాలా పేజీల మీద, మెల్లగా జరుగుతుంది. సీరియల్ మఠాన్ని స్కాట్లండ్‌లోనే పెట్టి, ఆ మొత్తాన్నీ ఒక్క ఎపిసోడ్‌లోకి కుదించింది. అప్పుడు ప్రేక్షకులు మూడు రకాలుగా విడిపోయారు. మగవాడి మీద జరిగిన అత్యాచారాన్ని ఇంత సీరియస్‌గా, దాని పర్యవసానాలతో సహా చూపించినవాళ్లు టీవీలో లేరని మెచ్చుకున్నవాళ్లు ఒక వైపు. ఇంత వివరంగా చూపించాల్సిన పనేముందని టీవీ కట్టేసినవాళ్లు ఇంకో వైపు. చదివినవాళ్లది మూడో బాధ. వాళ్లకి ఏం జరగబోతోందో తెలుసు, వారాల ముందు నుంచే టెన్షన్. అయినా చూశాక 'మేం చదివింది ఇంత ఘోరమా' అని వాళ్లే ఆశ్చర్యపోయారు. కాగితం మీద జేమీ ఎక్కడ ఆగితే వాళ్లూ అక్కడ ఆగారు, తెర ఆ అవకాశం ఇవ్వలేదు.

తీసినవాళ్లు దీన్నుంచి కొంత నేర్చుకున్నట్టే ఉంది. నాలుగో సీజన్‌లో క్లెయిర్ కూతురు బ్రియానా మీద జరిగే దాడిని గది బయటే ఉండి చూపించారు. అరుపులు వినపడుతున్నా పట్టించుకోని సత్రంలో జనం మీదే కెమెరా. అది నాకు వెంట్‌వర్త్‌కంటే భయంకరంగా అనిపించింది. అయితే అప్పటికి ప్రేక్షకుల ఫిర్యాదు వేరే అయిపోయింది: ఎలా తీశారన్నది కాదు, ఎన్నిసార్లు ఇదే కథ అని. ఐదో సీజన్ చివర క్లెయిర్‌ని కూడా అదే గతి పట్టించేసరికి (అప్పుడు ఆమె మనసు 1960ల నాటి ఒక ఇంట్లోకి, అందరూ కలిసి భోంచేసే బల్ల దగ్గరికి పారిపోతుంది) నటి కట్రీనా బాల్ఫ్‌ని మెచ్చుకుంటూనే 'ఇక చాలు' అన్నవాళ్లు చాలామంది. ఇది సీరియల్ తప్పు మాత్రమే కాదు. ఈ సంఘటనలన్నీ నవలల్లోనే ఉన్నాయి. కాకపోతే నవలకీ నవలకీ మధ్య ఏళ్లు గడుస్తాయి. సీజన్లు వరసపెట్టి చూసేవాడికి ఆ ఎడం ఉండదు. మీ అక్కని ఒకసారి అడిగి చూడండి, ఆమె ఆ పుస్తకాలు ఎన్నేళ్లలో చదివిందో.

ఉన్నది మార్చి నవలని బాగుచేసిన చోట్లూ ఉన్నాయి, వాటి గురించి చదివినవాళ్లు పెద్దగా మాట్లాడరు. మూడో నవలలో జెనీవా అనే అమ్మాయి జేమీని బెదిరించి తన పడకగదికి రప్పించుకుంటుంది. ఆ సన్నివేశంలో ఆమె ఆగమన్నా అతను ఆగడు. అది చాలామంది పాఠకులకి గొంతులో ముల్లులా ఉండిపోయింది. సీరియల్ ఆ భాగం మార్చింది. అదే నవలలోని చైనా మనిషి ఈ టియెన్ చో పాత్ర వెకిలి హాస్యంతో నిండి ఉంటుంది, తెర మీద అతనికి మర్యాద దక్కింది. ఇవి మార్చకపోయి ఉంటే గొడవ ఇంకా పెద్దదయ్యేది. కథ అమెరికాలో బానిసలున్న ఎస్టేటుకి చేరిన నాలుగో సీజన్‌లో మాత్రం ఈ జాగ్రత్త పనిచేయలేదు. బానిస బాధంతా క్లెయిర్ మంచితనం చూపించడానికే వాడుకున్నారన్న విమర్శ వచ్చింది, అది న్యాయమైనదే.

ఇప్పుడు కాలప్రయాణం సంగతి. మూర్ అంతకుముందు 'స్టార్ ట్రెక్', 'బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా' సీరియళ్లకి పనిచేసినవాడు కావడంతో సైన్స్ ఫిక్షన్ ప్రేక్షకులు కొందరు మొదట్లో ఆశగా వచ్చారు. రాళ్లు ఎలా పనిచేస్తాయి, ఎందుకు దాదాపు రెండొందల రెండేళ్లే వెనక్కి వెళ్తారు, రత్నాలెందుకు కావాలి అని అడిగారు. సమాధానాలు పొదుపుగానే దొరికాయి, వాళ్లలో కొందరు నిరాశపడి వెళ్లిపోయారు. వాళ్లని తప్పుపట్టలేం. ఇక్కడ కాలప్రయాణం యంత్రం కాదు, అది క్లెయిర్‌కి దక్కిన ముందస్తు జ్ఞానం. 1746 ఏప్రిల్ 16న కల్లోడెన్‌లో గంట కూడా పట్టని యుద్ధంలో బ్రిటిష్ ప్రభుత్వ సైన్యం చేతిలో జేమీ మనుషులు తుడిచిపెట్టుకుపోతారని ఆమెకి ముందే తెలుసు. ఆపాలని పారిస్ దాకా వెళ్లి కుట్రలు చేస్తుంది, ఆపలేకపోతుంది.

మీ అక్క పరిస్థితి అదే. చదివినవాళ్లు ఈ సీరియల్‌ని క్లెయిర్‌లా చూస్తారు, మీలాంటివాళ్లు జేమీలా. వాళ్లకి జరగబోయేది తెలుసు, మీకు తెలియదు. రెండో సీజన్ మొదలైన తీరు చూడండి. నవల 1968లో, ఎదిగిన కూతురితో క్లెయిర్ స్కాట్లండ్‌కి రావడంతో మొదలవుతుంది. సీరియల్ దాన్ని చివరి ఎపిసోడ్‌కి జరిపి, 1948లో రాళ్ల దగ్గర ఒంటరిగా గుండె పగిలేలా ఏడుస్తున్న క్లెయిర్‌తో మొదలుపెట్టింది. 'జేమీ ఏడి? ఎందుకొచ్చేసింది?' అని మీరు కంగారుపడి ఉంటారు. మీ అక్క మాత్రం నవల మొదటి అధ్యాయం ఎక్కడికి పోయిందా అని వెతుక్కుని ఉంటుంది. మూడో సీజన్‌లో ఇరవయ్యేళ్ల తర్వాత క్లెయిర్ ఎడిన్‌బరోలో జేమీ ప్రెస్సు తలుపు తీసే సన్నివేశానికి ఇది తలకిందులు. దాని కోసం పాఠకులు ఏళ్లుగా కాచుకుని కూర్చున్నారు, మాటలు కూడా కంఠతా వచ్చు. జేమీ స్పృహ తప్పి పడిపోవడంతో ఆ ఎపిసోడ్ ఆపి, తర్వాతి దానికి రెండు వారాలు ఆగమన్నారు. అప్పటి తిట్లు వినాల్సినవి! ఆ తర్వాతి ఎపిసోడ్ మళ్లీ వెనక్కి వెళ్లి అదే రోజుని జేమీ పొద్దున లేచినప్పటి నుంచి చూపిస్తుంది. నవలలో లేని ఆ పొద్దుని చదివినవాళ్లు కూడా ఇష్టపడ్డారు. ఆ పావుగంట వాళ్లకీ కొత్తే కదా.

జేమీకి తండ్రిలాంటి మర్టా విషయంలోనూ అంతే. నవలలో అతను కల్లోడెన్‌లో చనిపోతాడు. సీరియల్ అతన్ని బతికించి అమెరికా పంపి, ఐదో సీజన్‌లో 1771 నాటి అలమాన్స్ పోరులో చంపింది. పుస్తకాన్ని అక్షరం మార్చకూడదనే జనం ఈ మార్పుని మాత్రం చేతులు చాచి తీసుకున్నారు. నటుడు డంకన్ లక్రాయి మీద ఇష్టం ఒక కారణం. ఇంకో కారణం, ఆ మనిషికి ఏమవుతుందో ఎవరికీ తెలియకపోవడం.

దీనికి పూర్తిగా వ్యతిరేకంగా తగిలింది ఏడో సీజన్ ముగింపు, 2025 జనవరిలో వచ్చింది. రెండో సీజన్‌లో క్లెయిర్‌కి పారిస్‌లో పుట్టీపుట్టకుండానే పోయిన పాప ఫెయిత్. ఆ పాపని ఒళ్లో పెట్టుకుని క్లెయిర్ ఒక పాట పాడుతుంది, 1907 నాటి ఇంగ్లిష్ సముద్రతీరపు పాట. ఐదు సీజన్ల తర్వాత ఫ్యానీ అనే పిల్ల అదే పాట పాడుతుంది, వాళ్లమ్మ నేర్పిందంటుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ పాట ఎవరికీ తెలిసే వీల్లేదు కాబట్టి ఫెయిత్ బతికిందని క్లెయిర్ తేల్చుకుంటుంది. ఇది నవలల్లో లేదు. కొందరికి ఒళ్లు జలదరించింది. కొందరు లెక్కలు తీశారు: చనిపోయి పుట్టిన పసిగుడ్డుకి పాట ఎలా గుర్తుంటుంది, ఎవరు నేర్పి ఉంటారు అని. పాఠకుల్లో చాలామందికి అసలు కోపం లెక్క తప్పినందుకు కాదు. ఆ పాప చావు మీదే ఆ దంపతుల దుఃఖమంతా నిలబడి ఉంది, దాన్ని సాగదీసే మలుపుకి వాడారని. నేనూ ఆ వైపే. మర్టాని బతికిస్తే ఆ పాత్రకి ఇంకో జీవితం దొరికింది. ఫెయిత్‌ని బతికిస్తే, ఇంతకాలం మనం వాళ్లతో పాటు పడ్డ బాధని వెనక్కి లాక్కున్నట్టయింది. కాలప్రయాణపు కథలో చచ్చినవాళ్లు చచ్చినట్టే ఉండాలన్న నియమం గట్టిగా ఉండాలి. లేకపోతే కల్లోడెన్‌కి కూడా భయపడనక్కర్లేదు.

స్కాట్లండ్ ప్రేక్షకుల స్పందన వేరే కథ. అమెరికాలో 2014లోనే వచ్చిన సీరియల్ బ్రిటన్‌లో 2015 మార్చిలో గానీ అమెజాన్‌లో రాలేదు. ఈ మధ్యలో, 2014 సెప్టెంబర్ 18న, స్కాట్లండ్ స్వాతంత్ర్యం మీద ఓటింగ్ జరిగింది. ఆంగ్లేయ సైన్యం దుర్మార్గాన్ని చూపే సీరియల్‌ని కావాలనే ఆపారా అని అక్కడివాళ్లకి అనుమానం. తర్వాత బయటపడిన, ఈ సీరియల్ నిర్మించిన సోనీ కంపెనీ ఈమెయిళ్లలో, అప్పటి ప్రధాని కామెరాన్‌తో సమావేశం గురించిన ఒకదానిలో ఈ సీరియల్ పేరు ఉండటంతో ఆ అనుమానం బలపడింది. అంతకుమించి రుజువు మాత్రం లేదు. కల్లోడెన్ మైదానంలో ఫ్రేజర్ల పేరుతో ఉన్న రాయి దగ్గర అభిమానుల రద్దీకి నేల అరిగిపోయింది. నిజంగా చచ్చిపోయినవాళ్ల సమాధి దగ్గర కల్పిత జేమీ కోసం పూలు పెడతారేమిటని బాధపడ్డవాళ్లున్నారు. ఇంకోటి, స్కాట్లండ్ పాత భాష గేలిక్‌లో మాట్లాడే చోట్ల సబ్‌టైటిల్స్ వేయకపోవడం చాలామందికి చికాకు కలిగించింది. అది కావాలని చేసిందే. క్లెయిర్‌కి ఎంత అర్థమైతే మనకీ అంతే అర్థం కావాలి. కెమెరా ఆమె పక్కన నమ్మకంగా నిలబడ్డ చోట్లలో ఇదొకటి.

ఎవరి మాట పట్టుకోవాలంటే, నక్షత్రాలు చూడకండి, రాసినవాళ్లు చదివారా లేదా చూడండి. చదివినవాళ్లు ఒకటి ఇచ్చిన చోట మీకు నచ్చే అవకాశం బాగానే ఉంది. చదివినవాళ్లూ చదవనివాళ్లూ కలిసి తిట్టిన ఎపిసోడ్‌లో మాత్రం నిజంగానే ఏదో తేడా ఉంటుంది, తొమ్మిదో ఎపిసోడ్‌లోలా. పుస్తకం ఇప్పుడు చదవండి, ముందు చదవలేదని బాధపడకండి. ఈ సీరియల్‌కి ఆ వరసే మేలు. తెర మీద ఫ్రాంక్‌ని చూశాక నవలలో క్లెయిర్ అతని గురించి ఏం చెప్పకుండా దాటేస్తోందో కనిపెట్టొచ్చు. మొదటి మూడు నవలలు చాలు. నాలుగు నుంచి రచయిత్రి వంటలు, వైద్యం, వాతావరణం అన్నీ తీరిగ్గా రాస్తుంది, నాకిష్టమే గానీ అందరికీ ఓపికుండదు. మీ అక్కతో పేచీ లేకుండా చూడాలంటే 2025 ఆగస్టులో మొదలైన 'బ్లడ్ ఆఫ్ మై బ్లడ్' పెట్టుకోండి. అది జేమీ తల్లిదండ్రుల, క్లెయిర్ తల్లిదండ్రుల కథ. నవలల్లో క్లెయిర్ అమ్మానాన్నా ఆమెకి ఐదేళ్లప్పుడే కారు ప్రమాదంలో పోయారు, ఇక్కడ వాళ్లూ రాళ్లలోంచి వెళ్తారు. దాని గురించి మీ అక్కకి ముందే తెలిసే వీల్లేదు.

అమ్మతో చూసే విషయం: వద్దు. పడకగది సన్నివేశాలు మొదటి ఎపిసోడ్ నుంచే ఉన్నాయి, ఏడో ఎపిసోడ్ పెళ్లి రాత్రి దాదాపు మొత్తం అదే. వెంట్‌వర్త్ ఎపిసోడ్లు పెద్దవాళ్లని ఇబ్బంది పెట్టేవి. అమ్మకి కథ చెప్పాలనిపిస్తే రెండో సీజన్ చివరి ఎపిసోడ్‌నీ, మూడో సీజన్‌లో ప్రెస్సు తలుపు తీసే చోటునీ ముందు మీరు ఒకసారి చూసుకుని, రిమోట్ చేతిలో ఉంచుకుని వేసిపెట్టండి. ముందు జరిగింది నోటితో చెప్పినా సరిపోతుంది.